సిక్స్ బై సిక్స్ చూపు, కాలికి తగిలే గడప



స్మారకోపన్యాసమంటే పోయినవారి గుణగణాలు కాసేపు కీర్తించి, ఆపైన వక్త తనకొచ్చిన విద్య కొంత ప్రదర్శించి దిగిపోవడం ఆనవాయితీ. ఇవాళ మనం తలుచుకుంటున్న లెక్కల మాస్టారికి పొగడ్త గిట్టదని ఆయన శిష్యులకు నేను చెప్పక్కర్లేదు. ధర్మనిధి పెడుతూ వారి అబ్బాయిగారు నన్ను అడిగింది కూడా వేరే. ‘నాన్నగారి గురించి ఎటూ అందరూ మాట్లాడతారు. నాన్నగారికి ఏం జరిగిందో మీరు చెప్పండి. ఆ రోజుల్లో మాకు అర్థం కాలేదు’ అన్నారు. అందుకని నేరుగా జబ్బు దగ్గరికే వస్తాను.

మాస్టారికి గ్లకోమా. మన పత్రికలు నీటికాసులు అని రాస్తుంటాయి. కంటి డాక్టరునైన నా దగ్గరికి వచ్చేనాటికి ఆయనకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిపోయింది. అద్దాలు పెడితే పట్టీలో అట్టడుగు వరస అక్షరాలు గడగడా చదివేసేవారు. రెండు కళ్లూ సిక్స్ బై సిక్స్. కానీ ఇంట్లో పరిస్థితి వేరు. ఎడమ పక్కన పెట్టిన కాఫీ గ్లాసు మోచేయి తగిలి ఒలికిపోయేది. వంటింటి గడప తన్నుకునేవారు. బజారులో శిష్యులు నమస్కారం పెడితే చూడనట్టు వెళ్లిపోయేవారు. ఇంట్లోవాళ్లు మొదట ‘పరాకు ఎక్కువైంది’ అన్నారు, తర్వాత ‘పెద్దతనం’ అన్నారు. ఊరివాళ్లు ‘రిటైరయ్యాక మాస్టారికి పొగరు వచ్చింది’ అన్నారు. చివరికి మతిమరుపు మొదలైందేమోనని ఒక డాక్టరుకు చూపించి మెదడు స్కాను కూడా తీయించారు. స్కాను శుభ్రంగా ఉంది. అంతమందిలో ఒక్కరికీ కంటి మీద అనుమానం రాలేదు, ఎందుకంటే అంతకు ముందు చూసిన కళ్ల డాక్టరే చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే. గ్లకోమా మనిషి చూపును తీసుకుపోయే ముందు అతని పేరు చెడగొడుతుంది. చూపులో వచ్చిన లోటు కంటి ఖాతాలో పడదు. అజాగ్రత్త, గర్వం, ముసలితనం, మతిమరుపు అనే ఖాతాల్లో పడుతుంది. రోగి కూడా అదే నమ్ముతాడు, తనను తానే తిట్టుకుంటాడు.

జబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. కంటి ముందు భాగంలో పలచటి నీరు ఒకటి ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. కార్నియా, నల్లగుడ్డు కలిసే మూలలో జల్లెడ లాంటి కణజాలం ఉంది, దాని గుండా బయటికి పోతూ ఉంటుంది. ఆ పోకడ మందగిస్తే కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. కంటి వెనక నరం బయల్దేరే చోట ఆ ఒత్తిడి పని చేస్తుంది. ఒక్కో కంటినరంలో సుమారు 10 నుంచి 12 లక్షల పోగులుంటాయి. అవి ఏళ్ల తరబడి కొన్ని కొన్నిగా చచ్చిపోతాయి. చచ్చిన పోగు మళ్లీ రాదు. ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం దాకా మామూలే అని పుస్తకాలు అంటాయి గానీ, ఆ లెక్కలోనే ఉండి నరం దెబ్బతిన్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు, లెక్క దాటి కూడా ఏళ్ల పాటు నిక్షేపంగా ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ‘ప్రెషర్ నార్మలేనన్నారండీ’ అన్న మాటతో నేను తృప్తి పడను. నరం ఎలా ఉందో చూడాలి.

మూల మూసుకుపోయే రకం ఇంకొకటి ఉంది. అది ఒక్కోసారి ఉన్నట్టుండి వస్తుంది. కన్ను ఎర్రబారి, తలపోటు వచ్చి, వాంతులై, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. వాంతులు చూసి కడుపు డాక్టరు దగ్గరికి పరుగెత్తినవాళ్లున్నారు. అయితే ఆ రకం కూడా మన దేశంలో చాలామందిలో చప్పుడు లేకుండానే నడుస్తుంది.

గ్లకోమా ఎంత చప్పుడు లేకుండా నడుస్తుందో చూడండి. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్ నగరంలో, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి 10 వేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. హైదరాబాద్‌లో ఓపెన్ యాంగిల్ గ్లకోమా, అంటే మూల తెరిచే ఉండే రకం, బయటపడినవారిలో నూటికి 90 మందికి పైగా ఆ రోజు దాకా తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. దేశం మొత్తం మీద 40 ఏళ్లు దాటినవారిలో కోటీ 12 లక్షల మందికి ఈ జబ్బు ఉండొచ్చని 2010లో మన డాక్టర్లే ఒక అంచనా వేశారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని మాస్టారి లాగా ఇంట్లో చీవాట్లు తింటున్నవాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి.

తెలియకపోవడం ఎలా సాధ్యం? కన్ను పోతుంటే మనిషికి తెలియదా? ఇప్పుడు అందరూ నేను చెప్పినట్టు చేయండి. ఎడమ కన్ను మూసుకోండి. రెండు చేతులూ ముందుకు చాచి బొటనవేళ్లు నిలబెట్టి పక్కపక్కన ఆనించండి. కుడికంటితో ఎడమ బొటనవేలి గోరునే చూడాలి, చూపు కదలకూడదు. అలాగే చూస్తూ కుడిచేతిని మెల్లగా కుడి పక్కకు జరపండి. జానెడుకు కాస్త తక్కువ దూరం వెళ్లేసరికి కుడి బొటనవేలి కొస మాయమవుతుంది. ఇంకొంచెం జరిపితే మళ్లీ వచ్చేస్తుంది. వెనక వరసలో నవ్వులు వినిపిస్తున్నాయి కాబట్టి కొందరికి కుదిరిందన్నమాట. కుదరనివారు గోరు మీది నుంచి చూపు తప్పించారు, ఇంకోసారి ప్రయత్నించండి.

వేలు మాయమైన చోట ఏం కనిపించింది? నల్ల మచ్చ కనిపించలేదు. వెనకున్న గోడో, ముందు వరసలోవారి చొక్కానో కనిపించింది. నరం కంట్లోంచి బయటికి వెళ్లే చోట చూసే కణాలు లేవు. మనందరికీ పుట్టుకతోనే ఆ ఖాళీ ఉంది. ఫ్రాన్స్‌లో ఎడ్మే మారియట్ అనే శాస్త్రవేత్త 1660లలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. చుట్టుపక్కల ఏ రంగుంటే ఆ రంగుతో మెదడు ఆ ఖాళీని పూడ్చేస్తుంది. గ్లకోమాలో కొత్తగా ఏర్పడే ఖాళీలనూ అదే విధంగా పూడుస్తుంది. పైగా ఒక కంటికి కనిపించనిది రెండో కన్ను చూసి సర్దేస్తుంది. ఆ విధంగా ఏళ్లు గడుస్తాయి.

లండన్ సిటీ యూనివర్సిటీలో డేవిడ్ క్రాబ్ బృందం 2013లో ఒక చక్కటి పరిశీలన ప్రచురించింది. 50 మంది గ్లకోమా రోగులకు ఒకే దృశ్యాన్ని రకరకాలుగా మార్చిన బొమ్మలు చూపించి, మీకు కనిపించే తీరుకు దగ్గరగా ఉన్నది ఏరండి అన్నారు. ఆస్పత్రి గోడల మీద మనం చూసే బొమ్మ ఉంది కదా, చుట్టూ కారునలుపు, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు చిన్న వెలుగు, దాన్ని ఒక్కరంటే ఒక్కరు ఏరలేదు. సగానికి పైగా అక్కడక్కడ మసకబారిన బొమ్మను ఏరారు. కొందరు వస్తువులే లేకుండా పోయిన బొమ్మను ఏరారు. పాతిక శాతం మంది తమకసలు ఏ తేడా తెలియడం లేదన్నారు. నా మట్టుకు నాకు ఆ నల్ల సొరంగం పోస్టర్ల మీద కోపం. దాన్ని చూసిన రోగి ‘నాకలా లేదు కదా’ అనుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతాడు. నలుపు కనిపిస్తే ఎవరైనా డాక్టరు దగ్గరికి వస్తారు. కనిపించేది మామూలు రోడ్డే, అందులో ఒక ఆటో మాత్రం ఉండదు. ఆటో ఉన్నచోట కూడా మెదడు రోడ్డే పరిచింది. హారన్ మోగాక ‘ఇది ఎక్కడినుంచి ఊడిపడిందిరా’ అనిపిస్తుంది. ఈ ‘ఊడిపడింది’ అనే మాట నా రోగుల నోట వింటే నేను చెవులు రిక్కిస్తాను.

ఇక రోజువారీ బతుకులోకి వద్దాం. మాస్టారు లెక్కల మాస్టారు కదా, జబ్బు బయటపడ్డాక నేను అడక్కుండానే ఒక పని చేసి పట్టుకొచ్చారు. గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి ఇంటి ప్లాను గీశారు. తనకు తగిలిన ప్రతి చోటా ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు పెట్టారు. వంటింటి గడప దగ్గర ఒక గుంపు. మేడమెట్ల చివరి మెట్టు దగ్గర ఒక గుంపు. తులసికోట అరుగు మూల దగ్గర కొన్ని. పడక్కుర్చీకి ఎడమ పక్కన ఎప్పుడూ ఉండే పీట దగ్గర ఇంకొన్ని. గోడల పైభాగంలో, అలమారల దగ్గర, తలుపు రెక్కల దగ్గర ఒక్కటీ లేదు. అప్పుడు ఆయన విజువల్ ఫీల్డ్ పరీక్ష, అంటే చూపు విస్తీర్ణం కొలిచే పరీక్ష, కాగితం తీసి పక్కన పెట్టాను. రెండు కళ్ల కాగితాల్లోనూ చూపు పోయిన చోటును చూపే నలుపంతా కింది సగంలోనే, ఎడమకు ఒరిగి ఉంది. మాస్టారు రెండు కాగితాలూ మార్చి మార్చి చూసి, ‘అయితే నేను చూడక తన్నుకున్నవి కావన్నమాట’ అన్నారు. పక్కనే కూర్చున్న మాస్టారి భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంతవరకు రోజూ కేకలేసింది ఆవిడే.

చూపులో ఏ భాగం పోయిందన్న దాన్నిబట్టి బతుకులో ఏ పని చెడుతుందో తేలుతుంది. కింది భాగం పోతే కాలి దగ్గరి ప్రపంచం పోతుంది. గడప, మెట్టు, ముడతపడిన చాప అంచు, వాకిట్లో పడుకున్న కుక్క, బాత్రూములో ఎత్తు తేడా. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో అలెక్స్ బ్లాక్, జోవాన్ వుడ్ బృందం గ్లకోమా ఉన్న పెద్దవయసువారిని గమనించి, చూపులో కింది భాగం పోయినవారే ఎక్కువగా పడుతున్నారని 2011లో రాశారు. పై భాగం పోతే బాధలు వేరే. తెరిచి ఉన్న కిటికీ రెక్క మూల నుదుటికి తగులుతుంది. అటక మీది డబ్బా కనిపించదు. ఆర్టీసీ బస్సు నుదుటి మీది బోర్డు చదవాలంటే తల వెనక్కి వంచాలి. ట్రాఫిక్ సిగ్నల్ తప్పిపోతుంది. ఇవి పడిపోయేంత ప్రమాదాలు కావు కాబట్టి ఎవరూ డాక్టరుకు చెప్పరు, డాక్టరూ అడగడు.

చూపు నడిబొడ్డుకు దగ్గరగా దెబ్బతింటే చదువు కుంటుపడుతుంది. అది కూడా విచిత్రంగానే. ఒక్కో అక్షరం స్పష్టంగానే ఉంటుంది. కానీ మనం చదివేది అక్షరం తర్వాత అక్షరం కాదు. ఈ మాట చదువుతుండగానే కన్ను తర్వాతి మాట మీద ఒక అంచనా వేసుకుంటుంది. కుడి పక్క చూపు పోతే ఆ అంచనా ఉండదు, ప్రతి మాటా తడుముకోవాలి. ఎడమ పక్క పోతే వరస చివరికి వెళ్లాక కింది వరస మొదలు ఎక్కడో దొరకదు, చదివిన వరసే మళ్లీ చదువుతారు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్మర్ నేత్ర సంస్థలో ప్రదీప్ రాములు ఈ విషయం మీద చాలా పని చేశారు. చిన్న పేరా పైకి చదవమంటే అంతగా తెలియని తేడా, అరగంట సేపు మౌనంగా చదివిస్తే బయటపడింది. మన క్లినిక్కులో నాలుగు లైన్ల కార్డు చేతికిచ్చి ‘చదువు బాగానే ఉందే’ అని పంపించేస్తాం. ఆయన ఇంటికెళ్లి పేపరు తెరిచి, రెండో పేజీకి వచ్చేసరికి విసిగి మడిచి పెట్టేస్తాడు. ‘పేపర్లో ఏముంది, అన్నీ అబద్ధాలే’ అంటాడు. అది నిజమే కావచ్చు గానీ, మానేసిన కారణం మాత్రం అది కాదు.

వెలుగు సంగతి రోగులే ఇంకా బాగా చెబుతారు. మండుటెండలోంచి ఇంట్లోకి అడుగుపెడితే చాలాసేపు ఏమీ తెలియదు. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్లు పడితే ఆ తర్వాత రోడ్డు అంచు దొరకదు. సినిమా మొదలయ్యాక హాల్లోకి వెళ్లాల్సివస్తే వెళ్లడమే మానుకుంటారు. రంగు తేడా తక్కువగా ఉన్నచోట్ల మరీ కష్టం. తెల్ల పింగాణీ ప్లేటులో కొబ్బరి పచ్చడి ఎక్కడుందో వేలితో వెతుక్కోవాలి. గచ్చుకూ మెట్టుకూ ఒకే రాయి వేస్తే మెట్టు అంచే ఉండదు. ఈ హాలు బయట కొత్తగా వేసిన మెట్లు కూడా సరిగ్గా అలాగే ఉన్నాయి, కార్యదర్శిగారు ఒకసారి చూడాలి. పసుపు రంగు డబ్బా ఒకటి చాలు, ప్రతి మెట్టు అంచునా రెండంగుళాల గీత గీయిస్తే సరిపోతుంది.

ఈ బాధలన్నిటినీ ఒకచోట చేర్చి బ్రిటన్‌లో ప్యాట్రీషియా నెల్సన్, ఆమె సహచరులు 15 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. 2003లో ప్రచురించారు. చీకటి పడ్డాక నడవడం, ఎగుడుదిగుడు నేల మీద నడవడం, పక్కనుంచి వచ్చేవి కనిపెట్టడం, కాలికీ మెట్టుకీ మధ్య దూరం అంచనా కట్టడం, కింద పడ్డ వస్తువు వెతకడం, మొహాలు గుర్తుపట్టడం వగైరా. అక్షరాల పట్టీతో పట్టుబడేవి అందులో పేపరు చదవడం లాంటి ఒకటి రెండు ప్రశ్నలే. మిగతావన్నీ వాకిట్లో, వీధిలో, వంటింట్లో తేలేవి. రోగికి కుర్చీ చూపించగానే ఒత్తిడి ఎంత అని చూసే మాబోటివాళ్లు ముందు ఆ ప్రశ్నలు అడిగితే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

పడిపోవడం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. కెనడాలో హాలిఫాక్స్ నగరంలో 2007లో ఒక పరిశీలన ప్రచురించారు. వందకు లోపే మనుషులతో చేసిన చిన్న పరిశీలన. గ్లకోమా ఉన్నవారు అంతకు ముందు ఏడాదిలో పడిపోయి ఉండే అవకాశం, లేనివారితో పోలిస్తే మూడు రెట్లు దాటింది. వాహన ప్రమాదంలో చిక్కుకుని ఉండే అవకాశం ఆరు రెట్లు దాటింది. ఆ తర్వాత రాములు బృందం దీన్ని ఇంకో వైపు నుంచి చూసింది. రోగుల నడుముకు అడుగులు లెక్కపెట్టే యంత్రాలు కట్టారు. చూపు ఎక్కువ పోయినవారు ఏడాదికి ఎన్నిసార్లు పడ్డారని చూస్తే అంత పెద్ద తేడా రాలేదు. వేసిన అడుగులకు ఎన్నిసార్లు పడ్డారని లెక్కకట్టగానే తేడా పైకి తేలింది.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. చూపు పోయినకొద్దీ వాళ్లు నడవడం తగ్గించేశారు. సాయంత్రం రామాలయానికి వెళ్లే మనిషి వెళ్లడం మానేశాడు. పొద్దున్నే పాల కేంద్రం దాకా వెళ్లే ఆవిడ కోడల్ని పంపడం మొదలుపెట్టింది. పెళ్లిళ్లకు ‘మీరెళ్లి రండి, నాకు ఓపిక లేదు’ అంటారు. పడలేదు కాబట్టి బాగానే ఉన్నారని మనం రాసుకుంటాం. పడకుండా ఉండటానికి వాళ్లు బతుకులో ఎంత భాగం కత్తిరించుకున్నారో మన కేసు షీటులో రాసే గడి లేదు. ఇక్కడ కూడా కంటి లోటు స్వభావం పేరుతోనే నమోదవుతుంది. ‘ఆయనకు మనుషులంటే విసుగు పుట్టింది’ అంటారు.

ఈ లోటును పట్టుకోవడానికి చూపు విస్తీర్ణం కొలిచే పద్ధతి కొత్తదేం కాదు. కోపెన్‌హాగెన్‌లో యానిక్ బ్యెరుమ్ అనే డాక్టరు 1880ల చివర్లో తన గది తలుపు వెనక భాగాన్నే తెరగా వాడుకుని, కర్రపుల్ల చివర తెల్ల చుక్క కదుపుతూ రోగి చూపులోని ఖాళీలను గుర్తించాడు. ఇప్పుడా పని యంత్రం చేస్తుంది. చీకటిగదిలో తెల్లటి డొప్పలాంటి గిన్నె ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు. ఒక కంటికి గంత కడతారు. మధ్యలో ఉన్న చిన్న దీపాన్నే చూస్తూ, ఎక్కడ మినుకుమన్నా చేతిలోని బటన్ నొక్కాలి. మేం ఎక్కువగా వాడే పరీక్షలో 54 చోట్ల చూస్తారు. కంటికి ఐదారు నిమిషాలు పడుతుంది. ఈ పరీక్ష నుంచి బయటికి వచ్చిన ప్రతివారూ పరీక్ష తప్పిన పిల్లాడి మొహం పెడతారు. ‘సరిగ్గా నొక్కలేకపోయానండీ, సగం కనపడలేదు’ అంటారు. ఆ యంత్రం చేసే పనే అది. మీకు కనిపించీ కనిపించని వెలుగు ఎంతో తేల్చాలి కాబట్టి, కనిపిస్తే ఇంకా సన్నగిస్తూ పోతుంది. నిక్షేపమైన కళ్లున్నవాళ్లకు కూడా దాదాపు సగం దీపాలు కనిపించవు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే రోగి సగం వణుకు తగ్గుతుంది. చాలాచోట్ల చెప్పరు. మొదటిసారి చేసింది తరచుగా సరిగా రాదు, రెండోసారి రమ్మంటే డబ్బు గుంజడానికని అనుకోకండి.

చూపంటే అక్షరాలు చదవడం ఒక్కటే కాదన్న సంగతి చట్టానికి మాత్రం తెలుసు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపు పదును ఒక్కటే చూడదు. మంచి కంటి చూపు విస్తీర్ణం 40 డిగ్రీల లోపుకు పడిపోతే అల్పదృష్టి, 10 డిగ్రీల లోపుకు పడిపోతే అంధత్వం అని రాసింది. అంటే పట్టీ మొత్తం చదివేసే మనిషి కూడా చట్టం లెక్కలో అంధుడు కావచ్చు. దివ్యాంగుల సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు ఫీల్డ్ పరీక్ష కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి. లేకపోతే అక్షరాలు చదివించి ‘నీకు బాగానే కనిపిస్తోందిగా’ అనే ప్రమాదం ఉంది. బండి లైసెన్సు సంగతి దీనికి తలకిందులు. దరఖాస్తులో ఫారం 1లో 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు కనిపిస్తుందా అని అడుగుతారు. గ్లకోమా ముదిరినవాడు కూడా చాలాసార్లు నిజాయితీగానే ‘కనిపిస్తుంది’ అని రాస్తాడు. నంబరు ప్లేటు ఎదురుగా ఉంటుంది. సందులోంచి దూసుకొచ్చే సైకిలు పక్కనుంచి వస్తుంది.

రెండు రాష్ట్రాల్లోనూ కంటి వెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు జరిగాయి, తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలయ్యాయి. లక్షల మందికి అద్దాలొచ్చాయి, శుక్లాలు బయటపడ్డాయి. చత్వారంతో సూదిలో దారం ఎక్కించలేని అమ్మలకు అది పెద్ద మేలు. అయితే అక్షరాల పట్టీకి దొరికే జబ్బు కాదు గ్లకోమా. ‘నాకు అప్పుడే చూశారు, అద్దాలు కూడా ఇచ్చారు’ అని చెప్పి గ్లకోమా పరీక్ష దాటేసేవాళ్లను నేను తరచూ చూస్తుంటాను.

మందుల గురించి ఎక్కువ చెప్పను. పోయిన చూపును తెచ్చే మందు లేదు. ఒత్తిడి తగ్గించి ఉన్నది నిలబెట్టడం ఒక్కటే దారి. చుక్కలతోనో లేజరుతోనో ఆపరేషన్‌తోనో ఆ పని చేస్తాం. స్వీడన్‌లో చేసిన ఎర్లీ మానిఫెస్ట్ గ్లకోమా ట్రయల్‌లో ఒత్తిడి తగ్గిన ఒక్కో మిల్లీమీటరుకు జబ్బు ముదిరే ముప్పు దాదాపు పదో వంతు తగ్గినట్టు తేలింది. చిక్కేమిటంటే చుక్కలు వేసుకున్నా ఏ గుణమూ కనిపించదు. కన్ను ఎర్రబడటం, మండటం మాత్రం కనిపిస్తుంది. నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, ఈ చుక్కలు వేసుకుంటే ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడం కోసమే రోజూ వేసుకోమంటున్నాం. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. టిమోలాల్ లాంటి చుక్కలు వారికి ఊపిరాడనివ్వవు. ఎర్రకన్నుకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకుని గ్లకోమా కొని తెచ్చుకున్న కుర్రాళ్లను కూడా చూశాను. దాని గురించి ఇంకో రోజు ఎవరినైనా పిలిచి మాట్లాడించండి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది, ఖర్చు లేనివే ఎక్కువ. మాస్టారి ప్లాను చూశాక ఆ ఇంట్లో పీట కుర్చీకి కుడి పక్కకు మారింది. గడపకు పసుపు రాసే అలవాటు ఎటూ ఉంది కాబట్టి, దాన్ని పండగలకే కాకుండా వారం వారం చేశారు. మేడమెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప గొట్టం బిగించారు. పడకగది నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టారు. కాఫీ గ్లాసు ఇచ్చేటప్పుడు చేతికే ఇచ్చారు. మాస్టారు తన వంతుగా నడిచేటప్పుడు రెండు అడుగులకోసారి చూపు నేల మీదికి దించి ఎత్తడం సాధన చేశారు. బజారులో ఎవరైనా పలకరిస్తే ‘ఎవరు నాయనా, పేరు చెప్పు, నాకు పక్కచూపు లేదు’ అని బాహాటంగా అనేవారు. ఊరివాళ్లు కొత్తలో ఇబ్బంది పడ్డారు, తర్వాత అలవాటైపోయి దూరం నుంచే పేరు చెప్పి నమస్కారం పెట్టేవారు. పొగరు అన్న మాట ఆ తర్వాత వినలేదని అబ్బాయిగారు చెప్పారు. చివరి ఏడేళ్లలో ఆయన చూపు విస్తీర్ణం పెద్దగా తగ్గలేదు.

ఇక ఈ సభలో ఉన్నవారికి ఒక పని. గ్లకోమా ఉన్నవారి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ అది వచ్చే ముప్పు మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, మీకు 40 దాటితే, ‘నాకు బాగానే కనిపిస్తోంది’ అన్న మాట పక్కన పెట్టి పరీక్షకు వెళ్లండి. ‘అద్దాలు మార్చండి’ అని అడక్కండి. ‘మా అన్నయ్యకు గ్లకోమా ఉంది, నా కంటినరం చూడండి’ అని అడగండి. ఒత్తిడి చూస్తారు, మూల ఇరుకుగా ఉందేమో చూస్తారు, తర్వాత చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక నరం చూస్తారు. పూటంతా పడుతుంది కాబట్టి టిఫిన్ చేసి బయల్దేరండి. చుక్కలు వేశాక కొన్ని గంటల పాటు ఎండ కళ్లలో పొడుస్తుంది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకని స్కూటరు ఇంట్లోనే వదిలేసి బస్సులోనో ఆటోలోనో రండి, తోడుగా ఇంకొకరిని తెచ్చుకోండి. వాళ్లకు కూడా 40 దాటితే వాళ్ల పేరు మీద ఇంకో ఓపీ చీటీ రాయించండి.